అరుదైన ప్రాణిని పట్టుట: ఆటలోని గణితము, అడవిలోని గణితము

అనంతపురమునుండి కదిరికి పోవు బాటలో ముదిగుబ్బ ప్రాంతమునకు వచ్చునప్పటికి, వేరుశెనగ చేలకును రాతిగుట్టలకును నడుమ, నాగలికి లొంగక, మహారణ్యమన్న పేరును పొందక మిగిలియున్న ముళ్లపొదల నేల బాటసారి కన్నులబడును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన ఈ సీమలో కలివి, రేగు, తుమ్మ, బలుసు, బందారు మొదలగు మొక్కలు రాళ్లసందున వేళ్లూని నిలిచియుండగా, వాని నీడన కౌజులు, పూరేళ్లు, కుందేళ్లు, ఉడుములు, నక్కలు తమతమ బ్రతుకులు సాగించుచుండును. ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుబండిలో కిటికీ ప్రక్కన కూర్చున్న పిల్లవాడు ఈ పొదల వంక చూడక, చేతిలోని ఫోనులో కల్పితమైన పచ్చికబయళ్లలో కల్పితమైన జంతువులను వెదకి పట్టుచుండుట ఈనాడు వింత కాదు. ఆ పిల్లవానిని మందలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము కాదు. అతడాడు ఆటలోని గణితమును, కిటికీ ఆవలి పొదలలో ప్రకృతిశాస్త్రజ్ఞుడు ప్రయోగించు గణితమును ఒకే సంభావ్యతాశాస్త్రమునకు చెందినవని చూపి, ఆ రెండును ఎంతవరకు కలిసి నడచునో, ఎక్కడ విడిపోవునో వివరించుటయే మన ఉద్దేశ్యము.

ప్రాణులను పట్టి కూర్చుకొను ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది పోకెమాన్. 1996 ఫిబ్రవరి 27వ తేదీన జపాన్ దేశములో గేమ్ బాయ్ అను చేతియంత్రముకొరకు వెలువడిన ఈ ఆటకు మూలపురుషుడు సతోషి తజిరి. టోక్యో మహానగరపు పొలిమేరలోని మాచిదాలో బాల్యము గడపిన ఆయన, పొలాలలోను చెరువుగట్లలోను పురుగులను పట్టుటయందు అమితమైన ఆసక్తి గలవాడు. నగరము పెరిగి ఆ పొలాలను మ్రింగివేయగా, తాననుభవించిన ఆ వెదకులాటను, ఆ దొరకుబాటు సంతోషమును తరువాతితరము పిల్లలకు మరియొక రూపమున నందింపవలెనన్న కోరికయే ఈ ఆటకు బీజమైనది. కనుక ఈ ఆట పుట్టుకలోనే మాసిపోయిన ప్రకృతియొక్క జ్ఞాపకమున్నది. దానిలోని నియమములను పరిశీలించిన కొలది, పురుగులవేటలో ఆరితేరిన బాలుని అనుభవము అంకెలరూపమున దాగియున్నట్లు కనుపించును.

ఆటలో ప్రయాణము తేలికైన దారులతో మొదలై, క్రమక్రమముగా కఠినమై, చివరకు మహావీరుల నెదుర్కొనుటకు ముందు దాటవలసిన కడపటి దారిని చేరును. మొదటి ఆటలో ఆ దారి పేరు విక్టరీ రోడ్. తొలిదారిలో గడ్డిలో అడుగిడినంతనే ఎదురుపడు చిన్నపిట్టవంటి ప్రాణులు సులభముగా చిక్కును. కడపటి దారులలోని ప్రాణులు బలముగలవి, వానిలో కొన్ని మిక్కిలి అరుదు, దొరకినను లొంగనివి. ఈ 'అరుదు' అనునది రెండు వేర్వేరు గుణముల కలయిక యని ముందుగా గ్రహింపవలెను. ప్రాణి ఎదురుపడుటకు గల సంభావ్యత ఒకటి. ఎదురుపడిన పిదప పట్టుబడుటకు గల సంభావ్యత మరియొకటి. అడవిలోను ఈ రెండింటిని కలిపివేయుట వలననే ఎన్నో పొరపాటు నిర్ణయములు జరుగుచుండును గనుక, వీనిని విడివిడిగా పరిశీలింతము.

2002వ సంవత్సరములో వెలువడిన మూడవతరపు ఆటలలో, ప్రతి గడ్డిబయలుకును పండ్రెండు గదుల పట్టిక యొకటి కలదు. మొదటి రెండు గదులకు నూటికి ఇరువదేసి, తరువాతి నాలుగింటికి పదేసి, ఆపై రెండింటికి ఐదేసి, మరి రెండింటికి నాలుగేసి, చివరి రెండింటికి ఒక్కొక్కటి చొప్పున పాళ్లు పంచబడినవి. అన్నియు కలిపిన నూరగును. ఏ ప్రాణిని ఏ గదిలో నుంచవలెనో రూపకర్త నిర్ణయించును. చివరిగదిలో నుంచబడిన ప్రాణి నూరుమారులు గడ్డిలో ఏదైన ప్రాణి ఎదురైనప్పుడు సగటున ఒక్కమారు మాత్రమే దర్శనమిచ్చును. ఇక్కడ సాధారణముగా కలుగు భ్రమ యేమనగా, నూరు ఎదురుపాటులు పూర్తియైనచో ఆ ప్రాణి తప్పక కనుపించునని. గణితము అట్లు చెప్పదు. ఒక్కొక్కసారి కనుపించకపోవుటకు నూటికి తొంబదితొమ్మిది పాళ్లుండగా, ఆ తొంబదితొమ్మిది పాళ్లను నూరుమారులు హెచ్చవేసినచో మిగులునది సుమారు 37 శాతము. అనగా నూరుసార్లు వెదకినవారిలో మూడవవంతుకు పైగా ఆ ప్రాణిని చూడకయే యుందురు. నూటికి తొంబదియైదు పాళ్ల నమ్మకముతో చూడవలెనన్న సుమారు మూడువందల ఎదురుపాటులు కావలెను.

ప్రాణి ఎదురైన పిదప రెండవ లెక్క మొదలగును. ప్రతి జాతికిని 3 మొదలు 255 వరకు గల ఒక అంకె ఆటలో నిర్ణయింపబడినది. తొలిదారిలోని పిడ్జీ అను పిట్టకు 255, పికాచుకు 190, కడపటి గుహలోని మ్యూటూ అను మహాప్రాణికి 3. ఈ అంకెను, ప్రాణిలో మిగిలియున్న శక్తిని, అది నిద్రలో నున్నదా మెలకువగా నున్నదా అను స్థితిని, విసరు బంతియొక్క నాణ్యతను కలిపి యంత్రము ఒక ఫలితమును తీయును. మూడవతరపు సూత్రమును బట్టి, శక్తి తగ్గని మ్యూటూపై మామూలు బంతిని విసరినచో దొరకు అవకాశము 255లో ఒక పాలు మాత్రమే. దాని శక్తిని అడుగంటువరకు తగ్గించినచో ఆ అవకాశము ఇంచుమించు మూడింతలగును. నిద్రపుచ్చినచో ఇంకొక రెండింతలు. రెండింతల నాణ్యతగల బంతిని వాడినచో మరియొక రెండింతలు. ఇట్లు పండ్రెండింతలు పెంచుకొన్న పిమ్మట కూడ లభించునది 255లో 12 పాళ్లు, అనగా నూటికి ఐదుకు లోపు. సగటున ఇరువదియొక్క బంతులు పట్టునన్నమాట. అయినను ఇరువదియొక్క బంతులు వృథాయగుటకు 36 శాతము అవకాశమున్నది, తొంబదియైదు పాళ్ల నమ్మకమునకు అరువదిమూడు బంతులు కావలెను.

విసరిన బంతి ఊగి ఊగి మూతబడుటలో ఆటగాని గుండె కొట్టుకొను వేగము పెరుగుననుట అందరెరిగినదే. ఆ ఊపులు అలంకారమాత్రము కావు. యంత్రము లోలోపల నాలుగు పరీక్షలు వరుసగా నడపుచు, ఏ పరీక్షలో విఫలమైన అక్కడనే బంతిని తెరచివేయును. మొత్తము అవకాశము పదునారింట ఒకటియైనచో ఒక్కొక్క పరీక్షలో నెగ్గు అవకాశము సగమై యుండును, ఏలయన సగమును నాలుగుమారులు హెచ్చవేసినచో పదునారవవంతు వచ్చును. అందుచేత మూడవ ఊపువరకు వచ్చి తప్పించుకొన్న ప్రాణి 'ఇంచుమించు దొరకినది' అని యనిపించినను, తరువాతి బంతికి గల అవకాశము ఆ అనుభవమువలన రవ్వంతయు పెరగదు. సంభావ్యతకు జ్ఞాపకము లేదు. ఇరువదిసార్లు తప్పినది గనుక ఇరువదియొకటవసారి తప్పదని నమ్ముట జూదరులకు అనాదిగా నున్న భ్రాంతి. ఎన్నో సంసారములను కూల్చిన ఆ భ్రాంతిని, ధనము పోగొట్టుకొనకుండ తెలిసికొనుటకు పిల్లలకు ఈ ఆట ఒక అవకాశము. అయితే ఎవరైన పెద్దలు ప్రక్కన కూర్చుండి, ఆ హెచ్చవేతను కాగితముపై చేసి చూపవలెను.

ఇప్పుడు పొదలవైపునకు మరలుదము. రాయలసీమ పల్లెలలో పూర్వము వేటనెరిగినవారు ఈ రెండు సంభావ్యతలను పేరుపెట్టి పిలువకపోయినను, వానిని పెంచుకొను ఉపాయములను క్షుణ్ణముగా నెరిగియుండిరి. మచ్చికచేసిన కౌజును పంజరములో నుంచి తెల్లవారుజామున పొదలచెంత కూయించినచో, ఆ నేలను తనదిగా భావించు అడవి కౌజు రోషముతో పోరుకు వచ్చి, చుట్టు పన్నిన ఉచ్చులలో కాలిడును. పక్షి ఎదురుపడు అవకాశమును పెంచు ఉపాయమిది. చీకటిరాత్రి చేతిదీపపు వెలుగును హఠాత్తుగా కన్నులలో కొట్టినచో నేలపై నున్న పక్షి దిగ్భ్రమ చెంది కదలక నిలిచిపోవును. ఎదురైనదాని పట్టు అవకాశమును పెంచు ఉపాయమిది. ఆటలోని నిద్రపుచ్చు విద్యకును, అడవిలోని దీపపు విద్యకును మూలసూత్రము ఒక్కటియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన ఈనాడు ఇట్టి వేట నేరము. శాస్త్రపరిశోధనకై పట్టువారు సైతము ప్రభుత్వపు అనుమతి పొందవలెను. కాని ఆ వేటలో కూడియున్న జ్ఞానము, అనగా ఏ పక్షి ఏ వేళకు ఏ పొదనుండి వెడలును, ఏ కూతకు బదులిచ్చును అను తెలివి, నేరము కాదు. అది విజ్ఞానశాస్త్రమునకు ఎంతటి నిధియో ముందుముందు చూడగలము.

శాస్త్రజ్ఞుడు ప్రాణిని పట్టుట దాచుకొనుటకు కాదు, గుర్తుపెట్టి విడుచుటకు. డెన్మార్క్ దేశములో 1899వ సంవత్సరమున హన్స్ క్రిస్టియన్ మోర్టెన్‌సెన్ అను ఉపాధ్యాయుడు గోరువంకల కుటుంబమునకు చెందిన పక్షుల కాళ్లకు అంకెలు చెక్కిన లోహపు కడియములు తొడిగి విడిచిపెట్టుటతో నేటి కడియముల శాస్త్రము ఆరంభమైనది. మన దేశములో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ నాయకత్వమున 1959లో ఈ కార్యమును విస్తారముగా చేపట్టినది. ఒకసారి పట్టి విడిచినంతమాత్రాన లాభమేమని అడుగవచ్చును. ముదిగుబ్బ పరిసరములలోని ఒక గుట్టచుట్టు ఎన్ని పూరేళ్లున్నవో తెలిసికొనవలెననుకొందము. మొదట నలుబదింటిని పట్టి కడియములు తొడిగి విడువవలెను. అవి తమవారితో కలిసిపోయిన పిమ్మట మరల ఏబదింటిని పట్టినచో, వానిలో పదింటికి కడియములున్నవనుకొందము. అనగా రెండవసారి పట్టినవానిలో ఐదవవంతు గుర్తుగలవి. గుట్టచుట్టు గల మొత్తములో సైతము ఐదవవంతే గుర్తుగలవి కావలెను. గుర్తుగలవి నలుబది గనుక మొత్తము రెండువందలు. డెన్మార్కు మత్స్యశాస్త్రజ్ఞుడు పీటర్‌సన్ 1896లో చేపల విషయమున ఈ పద్ధతికి పునాది వేయగా, అమెరికాలో లింకన్ 1930లో బాతుల గణనకు దీనిని వినియోగించెను. అంతకు చాల ముందే, 1802లో, ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ తన దేశపు జనసంఖ్యను అంచనావేయుటకు ఇదే తర్కమును ఉపయోగించెను.

ఈ లెక్క సరిపోవుటకు ప్రతిప్రాణియు సమానమైన అవకాశముతో పట్టుబడవలెను. ఆటలో ఈ నిబంధన ఎల్లప్పుడు నెరవేరును, ఏలయన అక్కడి ప్రాణికి గతము లేదు. అడవిలోని ప్రాణి నేర్చుకొనును. ఒకసారి వలలో చిక్కి భయపడినది రెండవసారి ఆ వలవంక రాదు. బోనులో తిండి రుచిమరగినది మరల మరల వచ్చి చిక్కుకొనును. మొదటిరకమువలన లెక్క వాస్తవముకంటె పెరుగును, రెండవరకమువలన తరుగును. ఈ స్వభావభేదములను లెక్కలోనికి తెచ్చుటకై గత శతాబ్దమంతయు గణితజ్ఞులు శ్రమించిరి. పట్టుబడిన ప్రాణికి మనస్సున్నదను సత్యము ఇట్లు సమీకరణములలోనికి సైతము ప్రవేశించినది.

అయితే పట్టి లెక్కించుటకు సైతము దొరకనంత అరుదైన ప్రాణి విషయమేమి? మన సీమకు చెందిన కలివికోడి చరిత్ర దీనికి సమాధానము. జానెడుకంటె కొంచెము పొడవుగా, సుమారు 27 సెంటీమీటర్ల దేహముతో, రొమ్మున రెండు గోధుమవన్నె పట్టీలతో, చీకటిలో చూచుటకనువైన పెద్ద కన్నులతో ఒప్పు ఈ పక్షి, పగలంతయు పొదలనీడన మసలి, రాత్రివేళ చెదలను చీమలను ఏరుకొని తినును. ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. నెల్లూరులో పనిచేసిన సైనికవైద్యుడు థామస్ కావర్‌హిల్ జెర్డన్ దీనిని లోకమునకు తెలియజేయగా, ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రీయముగా వర్ణించెను. పిమ్మట బ్లాన్‌ఫర్డ్ దీనిని భద్రాచలము, సిరొంచ ప్రాంతములలో చూచెను. 1900వ సంవత్సరమున హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురము సమీపమున పెన్నాలోయలో చూచినట్లు వ్రాసినదే ఆనాటి కడపటి సమాచారము. ఆ తరువాత దశాబ్దములు గడచినను, తూర్పుకనుమలలో ప్రత్యేకముగా పరిశోధనలు జరిపినను, పక్షి అగుపించలేదు. అంతరించిన జాతియని పలువురు నిశ్చయించిరి.

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు వెదకు పద్ధతిని మార్చిరి. పక్షి చిత్రములను అచ్చువేసి పల్లెలలో పంచి, దీనిని చూచితిరా యని జనుల నడిగిరి. శాస్త్రజ్ఞుల గ్రంథములలో లేని జాడ వేటనెరిగినవారి నోట వెలువడినది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండలచెంత, రెడ్డిపల్లె పరిసరములలో, స్థానికుడైన ఒక వేటగాడు రాత్రి చేతిదీపపు వెలుగున ఆ పక్షిని పట్టి తెచ్చెను. పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని గుర్తించెను. ఎనుబదియారు సంవత్సరముల మౌనము ఒక్క రాత్రితో భగ్నమైనది. సలీం అలీ కన్నుమూయుటకు ఏడాదిన్నర ముందే ఆ శుభవార్త ఆయనకు చేరుట భాగ్యముగా భావింపవలెను. కాని పట్టుబడిన ఆ పక్షి కొద్దిదినములకే మరణించినది. ఆటలో పట్టిన ప్రాణి పెట్టెలో భద్రముగా నుండును. ఇక్కడ పట్టుటయే ప్రాణహానియైనది. తరువాతి కాలమున పట్టకుండ వెదకు పద్ధతులు ముందుకు వచ్చినవి.

ఇన్ని యేండ్లు కనుపించని పక్షి అంతరించినదని అనుకొనుటలోని దోషము, కడపటి దారిలోని ఆటగాని దోషమే. ఒక రాత్రి వెదకినచో, ఉన్న పక్షి కనుపించుటకు పదింట ఒక పాలు అవకాశమున్నదనుకొందము. పదిరాత్రులు వెదకి చూడకపోయినచో, పక్షి అక్కడ ఉండియు కనుపించకపోవుటకు ఇంకను 35 శాతము అవకాశమున్నది. లేదని తొంబదియైదు పాళ్ల నమ్మకముతో చెప్పవలెనన్న ఇరువదితొమ్మిది రాత్రులు ఊరక తిరిగిరావలెను. ఒక్కరాత్రికి గల అవకాశము నూటికొకటియైనచో మరల ఆ మూడువందల లెక్కయే వచ్చును. 'చూడలేదు' అనుటకును 'లేదు' అనుటకును నడుమ గల ఈ దూరమును కొలుచుటకై 2002లో మెకెంజీ ప్రభృతులు ఒక గణితమార్గమును రూపొందించిరి; ఒకే చోటికి పలుమార్లు పోయి, చూచిన దినములను, చూడని దినములను రెండింటిని వ్రాసిపెట్టినచో, ప్రాణి ఉండు సంభావ్యతను, ఉన్నది కనుపించు సంభావ్యతను వేరువేరుగా తేల్చవచ్చునన్నదే దాని సారము. ఇందువలన ఫలితము లేని రాత్రులకు శాస్త్రగౌరవము లభించినది.

కలివికోడి విషయమున ఆ 'చూడని' కాలము ఎంత మోసకరమైనదో ఒక గ్రుడ్డు తెలిపినది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్న గ్రుడ్డొకటి, 1917 ప్రాంతమున కోలారు బంగారుగనుల చెంత సేకరింపబడినది, డీఎన్ఏ పరీక్షవలన కలివికోడిదేనని 2013లో స్థిరపడినది. ఆ పక్షి గ్రుడ్డుగా తెలిసినది అదియొక్కటియే. అనంతపురము, కడప, కోలారు గనులు, ఈ మూడింటిని పటముమీద గీతలతో కలిపినచో ఏర్పడు త్రికోణము లోపలనే ముదిగుబ్బ పడును. పెనుకొండ దాని పడమటి అంచునకు కొలదిదూరమున, హిందూపురము అంతకంటె కొంచెమెడముగా నుండును. ఈ త్రికోణమువలన మన పొదలలో కలివికోడి ఉన్నదని రుజువుకాదు. పూర్వము ఆ పక్షి తిరిగిన సీమకు ఈ నేల మధ్యదని, వెదకకుండ లేదనుటకు మనకు అధికారము లేదని మాత్రము రుజువగును.

ఎట్లు వెదకవలెను? పట్టకుండ పట్టు మార్గములను పి. జెగనాథన్, రైస్ గ్రీన్, అసద్ రహమానీ మొదలగు పరిశోధకులు లంకమల ప్రాంతమున రూపొందించిరి. పొదలనడుమ మెత్తని మట్టిని జల్లించి పట్టీలుగా పరచినచో, రాత్రి పరుగెత్తిన పక్షి మూడువ్రేళ్ల అడుగులు దానిపై అచ్చుపడును. వ్రేళ్ల పొడవును వాని నడిమి కోణమును కొలిచి, నేలపై తిరుగు ఇతరపక్షుల జాడలనుండి దీనిని వేరుచేయవచ్చును. అడుగులు పడిన చోట, ఎదుట ఏదైన కదలినంతనే తనకుతాను చిత్రము తీయు కెమెరాను అమర్చినచో సాక్ష్యము సంపూర్ణమగును. వీనికి తోడు మరియొక సాధనము దాని కూత. సూర్యుడస్తమించిన సుమారు ముప్పాతికగంట తరువాత, కొలది నిమిషములు మాత్రమే, రెండక్షరముల కూతను వరుసగా పలుమార్లు ఈ పక్షి వినిపించును. ఆ కొలదినిమిషములు తప్పినచో రాత్రియంతయు తిరిగినను వ్యర్థమే కావచ్చును. ఆ వేళకు సరిగా చెవియొగ్గి నిలిచినచో ఎదురుపాటు సంభావ్యత ఎన్నో రెట్లు పెరుగును. మచ్చిక కౌజును కూయించిన పాతవేటగాని తెలివియే, పంజరమును ఉచ్చును విడిచిపెట్టి, ఇక్కడ శాస్త్రరూపము దాల్చినది.

ఈ పరిశోధనలవలన తేలిన మరియొక విషయము ఆటకును అడవికిని గల ముఖ్యమైన భేదమును బోధించును. పెద్దపొదలు హెక్టారుకు సుమారు 300 మొదలు 700 వరకు గల నేలలోనే కలివికోడి జాడలు అధికముగా లభించినవి. పొదలు మరీ దట్టమైనచో పరుగెత్తుటకు చోటు లేదు. మరీ పలుచనైనచో దాగుటకు చోటు లేదు. మితముగా మేత సాగుచు, కట్టెలు కొట్టుట మితిమీరక, దున్నకుండ మిగిలిన నేలయే దానికి గృహము. పల్లెజనుల జీవనముతో పెనగొనియున్న ఇట్టి నేలను, ప్రభుత్వపు దస్తావేజులలో 'బంజరు' అన్న ఒక్క మాటతో తీసివేసి, కాలువకో, రాతిగనికో, నిమ్మతోటకో ఇచ్చివేయుట మనకు పరిపాటి. ఆటలో ప్రాణి అరుదగుటకు కారణము పట్టికలో రూపకర్త వ్రాసిన అంకె; అడవిలో ప్రాణి అరుదగుటకు కారణము దాని నేల అరుదగుట. మొదటి అరుదుతనమును ఆటగాడు తన ఓర్పుచేత జయింపవచ్చును. రెండవదానిని ఒక్కని ఓర్పు జయింపజాలదు; నేలను నిలుపుకొను సంఘపు సంకల్పము కావలెను.

మూడవతరపు ఆట యంత్రమునకు మరియొక సౌకర్యము గలదు. అక్కడి యాదృచ్ఛికత యనునది ఒక సంఖ్యను పెద్ద సంఖ్యతో హెచ్చవేసి, మరియొకటి కూడి, మరల మరల అట్లు చేయుచు పుట్టించు సంఖ్యల వరుస. 429 కోట్లకు పైబడిన మెట్లు గల ఆ వరుస తిరిగి మొదటికి వచ్చును. కనుక గడ్డిలోని ప్రాణులకు తరుగులేదు. ఒకదానిని పట్టినచో ఇంకొకటి పుట్టును. వేయిమంది పట్టినను బయలు వట్టిపోదు. అడవిలోని లెక్క దీనికి విరుద్ధము: మిగిలినవాటి సంఖ్య తగ్గిన కొలది ఒక్కొక్కదాని విలువ పెరుగుటయే కాక, జంట దొరకు అవకాశము సైతము తగ్గుచు పోవును. అందుచేతనే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అందుచేతనే 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి నెలవులలోనికి చొచ్చుకొనిపోగా, పరిశోధకులు ఎలుగెత్తి మొరపెట్టినమీదట కాలువ దారిని మార్పవలసి వచ్చినది. మెట్టసీమకు నీరు ప్రాణమే. అయినను నీటికి దారి మార్చవచ్చును, పోయిన జాతికి మరియొక దారి లేదు.

ఇటీవల దశాబ్దమునకు పైగా ఏ జాడయు లేక, కలివికోడి మరల కనుమరుగైనదా యన్న సందేహము బలపడుచుండగా, 2025 ఆగస్టులో పక్షిపరిశీలకుల బృందమొకటి ఆంధ్రప్రదేశములో దాని కూతను ధ్వనిముద్రణ చేయగలిగినది. ఎవరును ఏ పక్షిని పట్టలేదు, ఏ వలయు పన్నలేదు. కొందరు మనుష్యులు చీకటిలో నిలిచి వినిరి, విన్నది పదిలపరచిరి. 1986లో దీపముతో పట్టుబడి మరణించిన పక్షికిని, ఈ కూతకును నడుమగల వ్యత్యాసమే నలుబదియేండ్లలో శాస్త్రము నడచిన దూరము.

కావున ఫోనులో కడపటి దారివరకు నడచిన పిల్లవానితో పెద్దలు చెప్పదగినది, ఆ ఆటను పారవేయుమని కాదు. ఒక్క ప్రాణికొరకు మూడువందల ఎదురుపాటులకు ఓపిక పట్టగలవాడు, వందలకొలది జాతులను రూపముచేతను కూతచేతను గుర్తుపట్టగలవాడు, ఏది ఏ వేళ ఏ నేలలో దొరకునో కంఠస్థము చేయగలవాడు, ప్రకృతిశాస్త్రమునకు కావలసిన గుణములలో అధికభాగము ఇదివరకే సంపాదించుకొన్నవాడు. వానికి కొరవడినవి రెండే: కిటికీ ఆవల సైతము ఒక దారి యున్నదన్న తెలివి, పట్టుట అనగా తెలిసికొనుట యన్న సంస్కారము. తోడుగా పెద్దలతో, పాములనుండి జాగ్రత్తపడుచు, వెలుగును పక్షుల కన్నులలో కొట్టక, సంధ్యవేళ ఊరి పొదలచెంత ఒక గంటసేపు నిలిచి, వినబడిన కూతలనెల్ల ఫోనులోనే ముద్రించి, తేదీని, వేళను, స్థలమును ఒక పుస్తకములో వ్రాయుట ముదిగుబ్బ, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము పాఠశాలలలో ఏ ఉపాధ్యాయుడైనను నేర్పదగిన పని. ఆ పుస్తకములో కౌజు, పూరేడు, గుడ్లగూబ చేరును, కలివికోడి చేరకపోవచ్చును. చేరని రాత్రులను సైతము తప్పక వ్రాయవలెను, ఏలయన ఈ నేలలో ఏమున్నదో, ఏమి పోయినదో, దేనిని నిలుపుకొనవలెనో నిర్ణయించు లెక్కలో ఆ రాత్రులకు కూడ సమానమైన స్థానమున్నది.